ఆపితే కాగితం ఇవ్వండి: సరిహద్దు గేట్ల అధికారులకు గుంటూరు లారీ యజమాని బహిరంగ లేఖ

కేంద్ర హోం, ఆర్థిక, వాణిజ్య శాఖల్లో భూ సరిహద్దుల వ్యవహారాలు చూసే అధికారులకు, ఆంధ్రప్రదేశ్ రవాణా, మార్కెటింగ్ శాఖల పెద్దలకు,

నమస్కారం.

మాది గుంటూరు. నాకు రెండు లారీలున్నాయి. ఒకదాని అప్పు తీరిపోయింది, రెండోదానికి కిస్తీలు నడుస్తున్నాయి. ఓనరు అనిపించుకోకముందు పద్దెనిమిదేళ్లు నేనూ స్టీరింగ్ పట్టినవాణ్నే. ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం చెక్‌పోస్టులో రాత్రంతా లైన్లో నిలబడి, తెల్లారాక కాగితాల మీద ముద్ర వేయించుకున్న రోజులు నాకు బాగా గుర్తు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి ఆ పన్నుల తనిఖీ లైన్లు పోయాక, ఇక లారీవాడి కష్టాలు తీరాయనుకున్నాం. మిరప లోడుతో బంగ్లాదేశ్ సరిహద్దు దాకా వెళ్లాక గానీ అర్థం కాలేదు, ఆ లైను పోలేదు, దాదాపు 700 కిలోమీటర్లు ముందుకు జరిగిందంతే.

ఈ విషయం మీద గత పదకొండు నెలల్లో మూడు ఉత్తరాలు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఒకదానికి అందినట్టు కార్డు తిరిగొచ్చింది. మిగతా రెండింటికి అదీ లేదు. ఏ ఆఫీసుకు పంపానో, ఏ గేటు దగ్గర ఏ బృందం నా బండిని ఆపిందో ఇక్కడ రాయను. ఎవరి మీదో కక్ష తీర్చుకోవడానికి ఈ లేఖ రాయడం లేదు. పేరు రాస్తే ఒక ఉద్యోగిని బదిలీ చేసి చేతులు దులుపుకుంటారు, గేటు మాత్రం అలాగే ఉంటుంది.

ముందు జరిగింది చెబుతాను.

నిరుడు ఆషాఢంలో మా బండికి 440 టిక్కీల (మిర్చి బస్తాల) లోడు ఎత్తాం. కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన సరుకు, రంగు బాగుంది. రెండు పట్టాలు కప్పి, తాడు బిగించి పంపాం. నాలుగో రోజుకు బండి సరిహద్దు ఊరికి చేరింది. అక్కడి పార్కింగులో తొమ్మిది రోజులు ఉంది. పార్కింగ్ అంటే సిమెంటు చేసిన గచ్చు కాదు. వాన పడితే టైర్లు సగం దాకా దిగబడే నేల. డ్రైవర్, క్లీనర్ బండి కిందే కిరసనాయిలు స్టవ్ పెట్టుకొని అన్నం వండుకున్నారు. పక్క బండి నెల్లూరుది, దాని వాళ్లతో కలిసి పప్పు పంచుకున్నారట. స్నానానికి డబ్బులు, దొడ్డికి డబ్బులు, రాత్రి కాపలాకి డబ్బులు.

పదో రోజు సాయంత్రం వంతు వచ్చింది. గేటు దగ్గర ఒక బృందం బండిని పక్కకు పెట్టించింది. 'సమాచారం ఉంది' అన్నారు. ఏం సమాచారమో చెప్పలేదు. మొత్తం లోడు దించమన్నారు. హమాలీలను మనమే పెట్టుకోవాలి. 440 టిక్కీలు దించి, వాటిలో చాలావాటికి సన్నటి ఊచ గుచ్చి చూశారు. రాత్రి పదకొండు దాటాక ఏమీ లేదని తేల్చారు. వాన జల్లు పడుతుండగానే మళ్లీ లోడు ఎత్తారు. తెల్లారి ఇంకో శాఖవాళ్లు వచ్చి, 'రాత్రి వాళ్లు చూసింది వాళ్లది, మాది మేం చూడాలి' అన్నారు. సగం లోడు మళ్లీ దిగింది. డ్రైవర్‌ని విచారణ అని లోపల కూర్చోబెట్టారు.

నాకు ఫోన్ చేసింది క్లీనర్. ఇరవై రెండేళ్ల కుర్రాడు. 'బాబాయ్, అన్నని లోపలికి తీసుకుపోయారు. ఫోన్ తీసేసుకున్నారు. బండి దగ్గర నేనొక్కణ్నే ఉన్నా, ఏం చేయమంటావ్?' అన్నాడు. ఏం చేయమనాలో నాకూ తెలియలేదు. తాళాలు జేబులోంచి తీయొద్దన్నాను. ఆ రాత్రికే డ్రైవర్ భార్య చంటిపిల్లను ఎత్తుకొని మా ఇంటికి వచ్చింది. 'ఆయన్ని ఏ స్టేషన్‌లో పెట్టారు మావయ్యా?' అని అడిగింది. స్టేషన్ పేరు నాకు తెలియదు. అసలు అది స్టేషనో, క్యాంపో, ఆఫీసో కూడా తెలియదు.

రెండు రోజుల తర్వాత అతన్ని వదిలేశారు. దొరికింది ఏమీ లేదు. తనకు చదవడం రాని భాషలో రాసిన రెండు పేజీల వాంగ్మూలం మీద సంతకం పెట్టి బయటికి వచ్చాడు. దాని కాపీ ఇవ్వలేదు. బండిని ఆపినట్టు గానీ, లోడు దించి చూసినట్టు గానీ, ఏమీ దొరకలేదని గానీ ఒక్క చీటీ కూడా ఇవ్వలేదు.

నా గోడు అంతా ఆ చీటీ గురించే. బండిని ఆపినందుకు కాదు. ఈ దారిలో దొంగసరుకు నడుస్తుందని లారీవాడికి తెలియనిదా? అటునుంచి బంగారం వస్తుంది, ఇటునుంచి దగ్గు మందు సీసాలు పోతాయి. కేబిన్‌లో, డీజిల్ ట్యాంకులో బంగారం దాచి దొరికిపోయినవాళ్లు మా వృత్తిలోనే ఉన్నారు. వాళ్లను పట్టుకుంటే మాకే మేలు, మా మీద అనుమానం తగ్గుతుంది. కానీ ఏ పాపం ఎరగని బండిని పన్నెండు రోజులు నిలబెట్టి, అది నిలబడినట్టే రికార్డు లేకపోతే ఎలా? ఆనాటి చెక్‌పోస్టులోనైనా కేసు రాస్తే చలానా చేతికిచ్చేవాళ్లు. అందులో తేదీ, టైమ్, ఆఫీసరు సంతకం ఉండేవి. అన్యాయం జరిగినా దానికో నంబర్ ఉండేది.

ఇక మీకు తెలిసినవే కొన్ని విషయాలు, మా వైపు నుంచి చూస్తే ఎలా ఉంటాయో చెబుతాను.

భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య సరిహద్దు 4,096 కిలోమీటర్లు. ఆ పొడుగునా ఎన్నో గేట్లున్నా, రెండు దేశాల మధ్య భూమార్గంలో జరిగే వ్యాపారంలో విలువ లెక్కన దాదాపు 70 శాతం పశ్చిమ బెంగాల్‌లోని పెట్రాపోల్ ఒక్కదాని గుండానే పోతుంది. అటువైపు గేటు బెనాపోల్. కోల్‌కతాకు 80 కిలోమీటర్ల దూరం. ఆ కాస్త దూరానికి ఉన్నది జెస్సోర్ రోడ్డు. రెండు వైపులా వందేళ్ల నాటి మహావృక్షాలు, మధ్యలో ఇరుకు దారి. రైల్వే వంతెనల కోసం 356 చెట్లు కొట్టడానికి 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ చెట్ల నీడలో బండి ఆపుకొని పడుకున్న రాత్రులు నాకూ ఉన్నాయి కాబట్టి, వాటి మీద నాకు కోపం లేదు.

2016 జూలైలో అక్కడ సమీకృత చెక్‌పోస్టు ప్రారంభమైంది. 2024 అక్టోబర్‌లో కొత్త ప్రయాణికుల టెర్మినల్, సరుకు బండ్ల కోసం 'మైత్రీ ద్వార్' అనే గేటు తెరిచారు. 2016-17లో రూ.18 వేల కోట్లు ఉన్న వ్యాపారం 2023-24 నాటికి రూ.30,500 కోట్లకు పెరిగిందని అప్పుడు ప్రభుత్వమే చెప్పింది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2022లో 'సువిధ' అనే ఆన్‌లైన్ స్లాట్ పద్ధతి పెట్టాక వారాల తరబడి పడిగాపులు కొంత తగ్గిన మాట కూడా నిజం. జరిగిన మంచిని కాదనను.

కానీ బండి గేటు దాటాలంటే ఎంతమంది చేతులు పడాలో చూడండి. ఇటు కస్టమ్స్ షిప్పింగ్ బిల్లు, మిరప కాబట్టి మొక్కల క్వారంటైన్ సర్టిఫికెట్, ల్యాండ్ పోర్టు (సరిహద్దు గేటు ఆవరణను నడిపే సంస్థ) వాళ్ల ఎంట్రీ, సరిహద్దు దళం తనిఖీ, డ్రైవర్‌కు కార్ పాస్. అటు వెళ్లాక వాళ్ల సరిహద్దు దళం, వాళ్ల కస్టమ్స్, వాళ్ల క్వారంటైన్, వాళ్ల పోర్టు గోడౌన్. మన డ్రైవర్ వీసా లేకుండా ఆ పాస్ మీదే బెనాపోల్ ల్యాండ్ పోర్టు ఆవరణలోకి వెళ్లి, సరుకు దించి రావాలి. గోడౌన్‌లో చోటు లేకపోతే అక్కడే కూర్చోవాలి. ఆవరణ దాటి టీ తాగడానికి వెళ్లినా నేరమే. మన కస్టమ్స్‌ది ఒక కంప్యూటర్ వ్యవస్థ, వాళ్లది ఇంకోటి. ఇక్కడ ఎక్కించిన వివరాలే అక్కడ మళ్లీ మొదటినుంచి ఎక్కించాలి. ఒక అంకె తేడా వస్తే బండి ఆగుతుంది. ఈ తలనొప్పి పడలేక చాలామంది లోడును గేటుకు ముందున్న బొంగావ్ ఊళ్లోనే లోకల్ లారీలోకి మార్చేస్తారు. దానికి వేరే హమాలీ, వేరే కిరాయి. టిక్కీని ఎన్నిసార్లు ఎత్తి దించితే అంత కాయ నలుగుతుంది, గింజ రాలుతుంది.

ఏ శాఖను అడిగినా 'మా దగ్గర గంటే పట్టింది' అంటారు. నిజమే కావచ్చు. అందరి గంటలూ కలిపితే రోజు కూడా కాదు, మరి బండి పన్నెండు రోజులు ఎక్కడుంది? ఒక బల్లకూ ఇంకో బల్లకూ మధ్య ఉంది. ఆ మధ్యలో పోయే కాలం ఏ శాఖ లెక్కలోకీ రాదు. 2021 మార్చిలో ప్రపంచ బ్యాంకు నివేదిక కూడా ఈ మాటే చెప్పింది. పెట్రాపోల్-బెనాపోల్ దాటడానికి రోజులు పడుతుంటే, అంతే రద్దీ ఉన్న తూర్పు ఆఫ్రికా సరిహద్దుల్లో ఆరు గంటలు కూడా పట్టడం లేదని రాసింది. జాంబియా, జింబాబ్వేల మధ్య చిరుండు అనే చోట 2009లోనే రెండు దేశాల అధికారులు ఒకే చోట కూర్చొని, బండిని ఒక్కసారే ఆపి చూసే పద్ధతి మొదలుపెట్టారు. మనకన్నా డబ్బున్న దేశాలేం కావవి.

ఇందువల్ల ఎవరికి ఏమవుతోందో వరసగా చెబుతాను.

1. డ్రైవర్, క్లీనర్. వీళ్లకు ట్రిప్పు లెక్కన జీతం, రోజు లెక్కన బత్తా. బండి నిలబడితే ట్రిప్పు ఉండదు, బత్తా వంటకే చాలదు. నెలకు మూడు ట్రిప్పులు తిరగాల్సినవాడు ఒకటిన్నర తిరుగుతాడు. ఇంటి దగ్గర పిల్లల ఫీజు, చీటీ పాట మాత్రం నెలనెలా ఆగవు. అసలు భయం డబ్బు గురించి కూడా కాదు. భాష రాని చోట ఎవరో వచ్చి బండి దిగమంటే, వాళ్లు పోలీసులో, కస్టమ్సో, సరిహద్దు దళమో, మామూలు దళారీయో గుర్తుపట్టడం అక్కడ కష్టం. అందరూ గట్టిగానే మాట్లాడతారు.

2. చిన్న ఓనర్లు. కస్టమ్స్ చట్టం 115వ సెక్షన్ ప్రకారం దొంగసరుకు మోసిన బండిని జప్తు చేయవచ్చు. ఓనరుకు గాని, అతని ఏజెంటుకు గాని, బండి నడిపేవాడికి గాని తెలియకుండా జరిగిందని ఓనరే నిరూపించుకోవాలి. స్వాధీనం చేసుకున్నాక నోటీసు ఇవ్వడానికి 110వ సెక్షన్ ఆరు నెలల గడువు ఇస్తుంది, దాన్ని ఇంకో ఆరు నెలలు పొడిగించవచ్చు. పార్కింగులో తొమ్మిది రాత్రులు నిలబడిన బండి అడుగున ఎవరు ఏం కట్టి పోయారో గుంటూరులో కూర్చున్న నాకు ఎలా తెలుస్తుంది? వందల బండ్లున్న కంపెనీకి ఒకటి పోయినా నడుస్తుంది. రెండు బండ్లవాడికి ఒకటి ఏడాది ఆగితే రెండోదాన్ని ఫైనాన్స్ వాళ్లు తోలుకుపోతారు.

3. రైతులు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయినప్పుడు మిర్చి క్వింటాకు రూ.11,781 అని కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ఖరారు చేసింది. పెట్టుబడి కూడా రాదని అప్పుడు రైతులు మిర్చి యార్డు ముందు కూర్చున్నారు. ధర ఎందుకు పడిందో చెప్పడానికి నేను వ్యాపారిని కాను. కానీ ఒక్కటి తెలుసు. ఎగుమతి పార్టీ (సరుకు కొని పంపే వ్యాపారి) యార్డులో వేలం పాట పాడేటప్పుడు దారి ఖర్చు, సరిహద్దులో ఆలస్యం, రంగు తగ్గితే అవతలివాడు కోసే కోత, అన్నీ ముందే లెక్కేసుకొని రేటు చెబుతాడు. ఆ లెక్కలో చివరికి తగ్గేది రైతు రేటే.

4. సరుకు. ఎండుమిర్చికి తేమ శత్రువు. వానాకాలంలో పట్టా కింద పది రోజులు ఉక్కపోస్తే అడుగు వరస టిక్కీలు చెమరుస్తాయి. బూజు పడితే విష పదార్థం ఉందని ల్యాబ్‌లో వెనక్కి కొడతారు. ఉల్లిగడ్డ సంగతి ఇక చెప్పక్కర్లేదు. 2020 సెప్టెంబర్ 14 రాత్రి ఉల్లి ఎగుమతి ఆపేస్తూ ఆర్డరు వచ్చినప్పుడు, బెంగాల్ సరిహద్దు గేట్ల ముందు లోడుతో ఉన్న లారీలు ఉన్నచోటే ఆగిపోయాయి. ఉల్లి లారీల్లోనే కుళ్లింది. 2025లోనూ రెండు దేశాలూ పోటాపోటీగా కొన్ని సరుకులకు భూమార్గం మూసేశాయి. దేశాల మధ్య రాజకీయం లారీవాడికి అర్థం కాదు, అర్థం చేసుకోవాల్సిన పనీ లేదు. రాత్రి ఆర్డరు వస్తే, అప్పటికే దారిలో ఉన్న బండి సంగతేంటన్నదే అతని ప్రశ్న.

5. అటువైపు జనం. ఢాకాలో కూరలో కారం వేసుకునే ఇల్లాలికి కూడా ఈ ఆలస్యం రేటులోనే కనిపిస్తుంది. ఇది మన ఇంటి బాధ మాత్రమే కాదని చెప్పడానికి రాశాను.

ఇవన్నీ తీర్చడానికి కొత్త చట్టాలు అక్కర్లేదు. ప్రపంచ వాణిజ్య సంస్థ వాణిజ్య సౌలభ్య ఒప్పందాన్ని భారత్, బంగ్లాదేశ్ రెండూ 2016లోనే ఆమోదించాయి. అది 2017 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. దానిలో 8వ అధికరణం మొత్తం ఈ గేటు గురించే. ఇరుగుపొరుగు దేశాలు పనిదినాలు, పనివేళలు కలుపుకోవాలి, పద్ధతులు ఒక్కటి చేసుకోవాలి, ఉమ్మడిగా తనిఖీ చేయాలి, ఒకే చోట ఆపి చూసే పోస్టు పెట్టుకోవాలి అని ఉంది. 'వీలైనంత వరకు' అని కూడా ఉంది. మన దగ్గర ఏ పనైనా ఆగేది ఆ మాట దగ్గరే కదా. ఇప్పటికీ మనకు ఆదివారం సెలవు, వాళ్లకు శుక్రవారం. దుర్గాపూజకు ఇటు మూత, ఈద్‌కు అటు మూత. భారత్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్ నాలుగు దేశాల మధ్య బండ్లు నేరుగా తిరగాలని 2015 జూన్ 15న థింపూలో ఒప్పందం మీద సంతకాలు చేశారు. దాని ప్రకారమే నడిచి ఉంటే నా బండి ఈపాటికి ఢాకాలో సరుకు దించి రావాలి.

దారి చూపించిన ఉదాహరణ మన ఊళ్లోనే ఉంది. లాక్‌డౌన్‌లో రోడ్డు మూతపడినప్పుడు, 2020 జూలైలో గుంటూరు పక్కన రెడ్డిపాలెం నుంచి నేరుగా బెనాపోల్‌కు మొదటిసారి మిర్చి పార్శిల్ రైలు నడిపారు. 16 వ్యాగన్లలో 384 టన్నులు పోయింది. టన్నుకు రైలు ఖర్చు రూ.4,608, అదే రోడ్డు మీద రూ.7,000 అని రైల్వేనే చెప్పింది. లారీవాణ్ని అయ్యుండి రైలును పొగుడుతున్నానని మా సంఘంలో తిడతారేమో. కానీ ఆ రోజు రెండు దేశాల కస్టమ్స్, రైల్వే మాట్లాడుకున్నాయి కాబట్టే సరుకు కదిలింది. రైలుకు కుదిరింది లారీకి ఎందుకు కుదరదు?

కాబట్టి మేం అడుగుతున్నవి ఇవి.

1. ఆపితే కాగితం. సరిహద్దు గేటు దగ్గర గాని, దానికి వెళ్లే దారిలో గాని ఏ శాఖ బండిని ఆపి తనిఖీ చేసినా ఒక చీటీ ఇవ్వాలి. బండి నంబరు, ఆపిన టైమ్, వదిలిన టైమ్, ఆపిన శాఖ, అధికారి నంబరు, లోడు దించారా లేదా, ఏం దొరికింది లేదా ఏమీ దొరకలేదు అన్న వివరాలు అందులో ఉండాలి. కారణం రహస్యమైతే 'సమాచారం మేరకు' అని రాసినా చాలు. ఆ చీటీ ఉంటే పార్టీ దగ్గర హాల్టింగ్ చార్జీ అడగగలను, ఫైనాన్స్ వాళ్లకు చూపించగలను, ఇన్సూరెన్స్ వాళ్లతో మాట్లాడగలను. అది లేకపోతే మా డ్రైవర్ దారిలో బండి ఆపుకొని పడుకున్నాడన్నా నా దగ్గర జవాబు లేదు. మిర్చి పార్టీ నన్ను అన్న మాట అదే.

2. ఒక శాఖ చూసిన లోడు ఇంకో శాఖ చెల్లుబాటు చేసుకోవాలి. రెండోసారి దించాల్సిందేనంటే అన్ని శాఖలూ ఒకేసారి వచ్చి చూడాలి. ఏమీ దొరకని లోడుకు దించి ఎత్తిన కూలి ప్రభుత్వమే భరించాలి. స్కానర్ ఉన్నచోట ముందు అది వాడాలి, లేనిచోట పెట్టాలి. ఊచ గుచ్చి చూసే పద్ధతి మానాలి.

3. 'కూర్చోబెట్టడం' అనేది ఆపాలి. అరెస్టు చేస్తే ఇంటివాళ్లకు, అందుకోసం నియమించిన పోలీసు అధికారికి వెంటనే తెలపాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 48వ సెక్షన్ చెబుతోంది. అరెస్టుకు సంబంధించిన ఈ రక్షణలు కస్టమ్స్ అధికారులకూ వర్తిస్తాయని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మరి అరెస్టు అనకుండా, విచారణ అని రెండు రోజులు కూర్చోబెడితే ఈ రక్షణలు దేనికి వర్తించాలి? డ్రైవర్‌ని లోపలికి తీసుకువెళ్లిన గంటలోపు అతని చేత ఇంటికి ఒక ఫోన్ చేయించండి. వాంగ్మూలం రాస్తే అతనికి వచ్చిన భాషలో చదివి వినిపించి, కాపీ ఇవ్వండి. తెలుగు వచ్చినవాళ్లు గేటు దగ్గర లేకపోతే ఫోన్‌లో మాట్లాడించవచ్చు. ఆ ఫోన్ అవతల మనిషిని పెట్టే పని మన రాష్ట్ర ప్రభుత్వానిది. గల్ఫ్‌లో చిక్కుకున్నవాళ్ల కోసం హెల్ప్‌లైన్ ఉన్నప్పుడు, బెంగాల్‌లో చిక్కుకున్న డ్రైవర్‌కు ఎందుకు ఉండకూడదు?

4. ఒకే గడియారం. బండి పార్కింగులో అడుగుపెట్టిన నిమిషం నుంచి అటు సరుకు దించి ఖాళీగా తిరిగొచ్చేదాకా ఎంత సేపు పట్టిందో, అందులో ఏ దేశం వైపు ఎంత, ఏ బల్ల దగ్గర ఎంత అన్న లెక్క రెండు దేశాల కస్టమ్స్ కలిసి ప్రతి నెలా బయటపెట్టాలి. ఏ బల్లకూ చెందని ఖాళీ సమయాన్ని విడిగా చూపించాలి. మన వైపు లెక్క మనం మొదలుపెట్టడానికి ఢాకా అనుమతి అవసరం లేదు కదా.

5. గుంటూరులోనే సీలు. వంకాయలపాడులో స్పైసెస్ పార్కు ఉంది, గుంటూరులో స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది. పరీక్ష, కస్టమ్స్ తనిఖీ ఇక్కడే చేసి, బండికి ఎలక్ట్రానిక్ సీలు వేసి పంపండి. సీలు చెక్కుచెదరకుండా ఉంటే గేటు దగ్గర నేరుగా వదలాలి. సీలు తెగి ఉంటే మమ్మల్ని ఎంత కావాలంటే అంత విచారించండి. పార్కింగులో ఎవరో బండికి ఏదో తగిలిస్తారన్న భయం మాకూ ఉంటుంది కాబట్టి, ఆ పార్కింగులో కెమెరాలు, లైట్లు, మరుగుదొడ్లు పెట్టండి. డబ్బులు వసూలు చేస్తున్నప్పుడు ఇవి అడగడం అత్యాశ కాదు.

6. దారిలో ఉన్న బండికి మినహాయింపు. ఎగుమతి ఆపుతూ ఏ ఆర్డరు ఇచ్చినా, ఆ రోజుకు బిల్టీ (సరుకు రవాణా రసీదు) రాసి బయల్దేరిన బండ్లను దాటనివ్వాలి. ఆ ఒక్క వాక్యం ఆర్డరులోనే ఉండాలి. ఆ తర్వాత ఎవరో కోర్టుకెళ్లి తెచ్చుకునేలోపు ఉల్లిగడ్డ ఆగదు.

7. సరిహద్దు దళాల డైరెక్టర్ జనరళ్లు ఏటా రెండు దేశాల్లోనూ కూర్చొని మాట్లాడుకుంటున్నారు. కస్టమ్స్ వాళ్లకూ ఉమ్మడి బృందం ఉంది. ఆ సమావేశాల్లో చొరబాట్లు, స్మగ్లింగ్, కంచె గురించి మాట్లాడతారు, మాట్లాడాల్సిందే. లారీ డ్రైవర్ల సంగతి కూడా అజెండాలో ఒక అంశంగా పెట్టండి. అక్కడ కూర్చోవడానికి మాకు కుర్చీ వేయకపోయినా, మేం రాసిచ్చింది చదవండి.

వీటన్నిటిలో మొదటిదానికి పైసా ఖర్చు లేదు, ఏ దేశంతోనూ ఒప్పందం అక్కర్లేదు. ఒక పుస్తకం, కార్బన్ పేపరు ఉంటే చాలు. మిగతావి ఏళ్లు పట్టినా, ఆ ఒక్కటి ఈ నెలలోనే చేయవచ్చు. జవాబుకు నలభై ఐదు రోజులు చూస్తాం. రాకపోతే ఈ ప్రశ్నలనే సమాచార హక్కు కింద శాఖ శాఖకూ విడివిడిగా పంపుతాం. గుంటూరు, పల్నాడు, ప్రకాశం లారీ ఓనర్లలో సరిహద్దులో ఇలా ఆగినవాళ్లు తమ బండి ఆగిన తేదీలు, రోజులు రాసి పెట్టుకోమని కూడా కోరుతున్నాను. లెక్క మీరు రాయకపోతే మేమే రాసుకుంటాం.

ఆ డ్రైవర్ ఇప్పుడు బెంగాల్ లోడు ఎత్తనంటున్నాడు. చెన్నై హార్బర్‌కే తోలుతున్నాడు, కిరాయి తక్కువైనా సరేనంటున్నాడు. నేను బలవంతం చేయలేదు. వచ్చే వారం మళ్లీ 430 టిక్కీల లోడు ఉంది. నాకు యాభై ఎనిమిదేళ్లు, లైసెన్సు ఇంకా చెల్లుతోంది. ఈసారి బండి నేనే తోలుకొని వస్తున్నాను. గేటు దగ్గర ఆపండి, లోడు దించి చూడండి, అడ్డు చెప్పను. వెళ్లేముందు కాగితం మాత్రం అడుగుతాను.

ఇట్లు,
ఒక లారీ యజమాని,
గుంటూరు.